కొల్లేటి గట్టు మీద ఏడాది పొడవునా సూర్యోదయాలు: ఒక క్యాలెండర్ కేస్ స్టడీ

పని ఇదీ: ఒక ఆక్వా ఫీడ్ (చేపలు, రొయ్యల మేత) కంపెనీకి గోడ క్యాలెండర్. పన్నెండు పేజీలు, పన్నెండు ఫొటోలు, అన్నీ కొల్లేరు చుట్టుపక్కలవే, అన్నీ తెల్లవారుజామువే. చెరువు గట్ల మీది షెడ్లలో, రైతుల ఇళ్ల వసారాల్లో ఏడాదంతా వేలాడే క్యాలెండర్ కాబట్టి చూసినవాళ్లకి ‘ఇది మన పక్కూరే’ అనిపించాలన్నారు. ప్రతి పేజీలోనూ సూర్యుడు కనబడాలని కూడా అన్నారు. మొదటి షరతు చివరిదాకా నిలబడింది. రెండోది సగం దారిలో పోయింది. ఎందుకు పోయిందో వానాకాలం సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

ఫైళ్లు నవంబర్‌లో ప్రెస్‌కి ఇవ్వాలి. ఏ నెల పేజీకి ఆ నెల ఫొటోనే కావాలంటే ముందటేడు నవంబర్ నుంచే పని మొదలవ్వాలి. అలాగే మొదలుపెట్టాం.

‘ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్తున్నా, కొత్తగా ఏమీ రావట్లేదు’ అనుకునే ఫొటోగ్రాఫర్లకి ఈ కేసు ఎక్కువ పనికొస్తుంది. సూర్యుడు, చెట్టు, మనం ఒకే గీత మీదికి వచ్చే అమరిక ఏడాదికి రెండుసార్లు కుదురుతుంది. ఆ రెండుసార్లూ గాలి ఒకేలా ఉండదు. మా ప్లానింగ్ అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

చోటు, లెక్క

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీళ్లు ఇక్కడ చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) చేరింది. ఫొటో తీసేవాడికి వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది: ఇది బల్లపరుపు నేల. తూర్పున కొండ లేదు, సూర్యుడు నేల అంచు మీదనుంచే లేస్తాడు. అడ్డంగా ఉండేవి తాటిచెట్లు, కరెంటు తీగలు, చెరువుల మీద కట్టిన షెడ్లు. అభయారణ్యం లోపల అటవీశాఖ అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. అందుకని ఆ ఆలోచన మొదట్లోనే వదిలేశాం.

కైకలూరు వైపు ఉత్తర దక్షిణాలుగా సాగే ఒక చేపల చెరువు గట్టు మాకు దొరికింది. దాని మీద నిలబడి తూర్పు చూస్తే వరసగా చెరువులు, అటుపక్క దూరంగా ఇంకో గట్టు, దాని మీద విడివిడిగా తాటిచెట్లు. చెరువు యజమాని సరేనన్నాడు. కాపలా కుక్కలు ఒప్పుకోవడానికి కొంచెం టైమ్ పట్టింది.

ఈ అక్షాంశంలో సూర్యుడు ఉదయించే చోటు ఏడాదిలో ఎంత జరుగుతుందో చాలామంది ఊహించరు. డిసెంబర్ 21 ప్రాంతంలో సరిగ్గా తూర్పుకి దాదాపు 25 డిగ్రీలు కుడివైపు లేస్తాడు. జూన్ 21కి అంతే ఎడమవైపుకి వచ్చేస్తాడు. మొత్తం 50 డిగ్రీల ఊపు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా మీద 50 మిల్లీమీటర్ల లెన్స్ పట్టే వెడల్పే 40 డిగ్రీలు. ట్రైపాడ్ కదపకుండా తూర్పుకి గురిపెట్టి ఉంచితే డిసెంబర్ సూర్యుడూ జూన్ సూర్యుడూ ఇద్దరూ ఫ్రేము బయటే లేస్తారు.

ఆ జరగడం కూడా ఒకే వేగంతో ఉండదు. మార్చి, సెప్టెంబర్ నెలల్లో రోజుకి దాదాపు 0.4 డిగ్రీలు జరుగుతాడు. జూన్, డిసెంబర్ మూడోవారాల్లో పదిరోజులు చూసినా కదిలినట్టే ఉండదు. కాబట్టి డిసెంబర్ ఫ్రేముకి తొందరేం లేదు. ఈరోజు మబ్బేస్తే రేపు తీసుకోవచ్చు. మార్చి ఫ్రేముకి ఆ వెసులుబాటు లేదు.

టైమింగ్‌లో కూడా ఒక చిక్కుంది. రాత్రి అన్నిటికంటే పొడుగ్గా ఉండేది డిసెంబర్ 21న అయినా, సూర్యోదయం అన్నిటికంటే ఆలస్యమయ్యేది జనవరి రెండు, మూడు వారాల్లో. కొల్లేటి దగ్గర 6.38 అవుతుంది. అలాగే అన్నిటికంటే ముందుగా తెల్లారేది జూన్ మొదట్లో, 5.30 దాటగానే. సంక్రాంతి సెలవుల్లో ఊరొచ్చి కెమెరా పట్టుకుని ఆరింటికే గట్టెక్కి వణికేవాళ్లని చూశాను. ఇంకో పావుగంట దుప్పట్లో ఉన్నా ఏం మించిపోదు.

ఇంగ్లండ్ వాళ్లో నార్వే వాళ్లో చేసిన వీడియోల్లో ‘గోల్డెన్ అవర్’ (పొద్దు దగ్గర బంగారు వెలుగుండే సమయం) అని చెప్పేది మనకి గంట ఉండదు. అక్కడ సూర్యుడు ఏటవాలుగా పాకుతూ ఎక్కుతాడు, ఇక్కడ దాదాపు నిటారుగా లేస్తాడు. బింబం మొత్తం బయటపడటానికి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ. అరగంటలోపే ఆరు డిగ్రీలు ఎక్కేస్తాడు, రంగు పోతుంది. మనకున్న సమయం సూర్యోదయానికి ముందు ఇరవై నిమిషాలు, తర్వాత పాతిక నిమిషాలు. సెట్టింగులు, లెన్సు, నిలబడే చోటు అన్నీ ముందురోజే తేలిపోవాలి.

తాటిచెట్టు: మార్చి, అక్టోబర్

క్యాలెండర్‌లో వాళ్లు మొదటినుంచీ అడిగిన బొమ్మ ఒకటుంది: పెద్ద సూర్యబింబం, దాని ముందు తాటిచెట్టు. చూడ్డానికి తేలిక. లెక్క వేస్తేగానీ ఇందులో ఎంత పనుందో తెలియదు.

సూర్యబింబం వెడల్పు ఆకాశంలో అర డిగ్రీ. ఈ కొలత ఏ లెన్స్ పెట్టినా మారదు. చెట్టు సైజు మాత్రం మనం ఎంత దూరంలో నిలబడ్డామన్నదాన్ని బట్టి మారుతుంది. 15 మీటర్ల తాటిచెట్టు కూడా అర డిగ్రీకి తగ్గి, వేళ్ల నుంచి మట్టల దాకా బింబంలో ఇమిడిపోవాలంటే 1.6 కిలోమీటర్ల వెనక్కి వెళ్లాలి. అంత దూరం నుంచి 600 మిల్లీమీటర్ల లెన్స్, క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్‌కంటే చిన్న సెన్సర్) కెమెరా వాడితే బింబం ఫ్రేము ఎత్తులో మూడోవంతు వస్తుంది. దూరం నుంచి తీయడానికి పెద్ద లెన్స్ అనుకుంటాం కదా, ఇక్కడ పెద్ద లెన్స్ ఉంది కాబట్టే దూరం వెళ్తున్నాం.

మరి తేదీ? శ్రీకాకుళం దగ్గర అరసవల్లి గుడిలో మార్చి రెండో వారంలోనూ, అక్టోబర్ మొదట్లోనూ సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయని మనందరికీ తెలుసు. ఆ రెండు తేదీలూ డిసెంబర్ 21కి అటూ ఇటూ ఇంచుమించు సమానదూరంలో ఉంటాయి. అందుకే ఆ రెండుసార్లూ సూర్యుడు ఒకే చోట లేస్తాడు. మా గట్టు మీద కొలిచి చూస్తే మేం ఎంచుకున్న చెట్టుకి కూడా దాదాపు అవే తేదీలు పడ్డాయి. మార్చి 10 ప్రాంతం, అక్టోబర్ 2 ప్రాంతం.

చెట్టు అదే, దిక్కు అదే. కానీ మార్చిలో కొల్లేటి మీద గాలి మసగ్గా ఉంటుంది. వానలు పోయి నెలలవుతుంది, పొడి దుమ్ము, పొగ, పొద్దుటి చెమ్మ అన్నీ కలిసి క్షితిజం దగ్గర ఒక పొర కడతాయి. ఆ పొరలో సూర్యుడు లేచిన మొదటి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు అసలు కనబడడు. రెండు డిగ్రీలు పైకి వచ్చాక ఎర్రగా బయటపడతాడు. అప్పుడు కళ్లు చిట్లించకుండా చూడొచ్చు, కెమెరాకి కూడా బింబం అంచు గీసినట్టు దొరుకుతుంది. 1.6 కిలోమీటర్ల నుంచి తీస్తే చెట్టు మొనే అర డిగ్రీ ఎత్తు. రెండు డిగ్రీలకి వచ్చిన సూర్యుడు దాని నెత్తిమీద ఎక్కడో ఉంటాడు. బొమ్మ కుదరదు.

అందుకని మార్చిలో దగ్గరికి జరిగాం. 400 మీటర్ల దూరానికి వస్తే అదే చెట్టు రెండు డిగ్రీల ఎత్తు కనబడుతుంది. మసక పొర దాటి వచ్చిన సూర్యుడు సరిగ్గా మట్టల వెనక్కి చేరతాడు. చెట్టంతా బింబంలో పట్టదు, తల ఒక్కటే పడుతుంది. ఎండుమట్టలు, ఆకుల చీలికలు, మధ్యలో ఒక పిట్ట గూడు కూడా ఎర్రటి బింబం మీద నల్లగా తేలాయి. ఇది మార్చి పేజీ.

ఇక్కడ ఇంకో చిన్న లెక్క తప్పనిసరి. సూర్యుడు పూర్తి నిటారుగా ఎక్కడు, కుడికి కొంచెం ఒరుగుతూ ఎక్కుతాడు. రెండు డిగ్రీలు పైకొచ్చేసరికి 0.6 డిగ్రీ దక్షిణానికి జరిగిపోతాడు. 400 మీటర్ల దూరంలో అది నాలుగు మీటర్ల పైమాట. యాప్ చూపించిన సూర్యోదయ బిందువుని నమ్ముకుని నిలబడితే, సూర్యుడు చెట్టుకి పక్కగా వెళ్లిపోతాడు. రెండు డిగ్రీల ఎత్తులో ఎటు ఉంటాడో చూసి, దానికి తగ్గట్టు ముందే ఉత్తరానికి జరిగి నిలబడాలి.

అక్టోబర్‌లో కథ తిరగబడింది. నైరుతి వానలు కడిగిన గాలి. వాన వెలిసిన మర్నాడు క్షితిజం దాకా శుభ్రంగా ఉంది. బింబం నేల అంచున మొదటి క్షణం నుంచే కనబడింది. 1.6 కిలోమీటర్ల వెనక ఉన్న గట్టు మీదనుంచి, చెట్టు మొత్తం బింబంలో నిలబడ్డ ఫ్రేము అప్పుడే దొరికింది. అయితే గాలి శుభ్రంగా ఉంటే వెలుగు కూడా ఎక్కువే. బింబం పసుపు దాటి తెల్లబడటానికి రెండు మూడు నిమిషాలు చాలు. మార్చిలో తీరిగ్గా తీసినవాళ్లం అక్టోబర్‌లో బరస్ట్ (ఆగకుండా వరసగా తీసే మోడ్) పెట్టి లాగేశాం. ఆరోజు కుదరకపోతే మర్నాడు గట్టు మీద పక్కకి పన్నెండు మీటర్లు జరగాలి. మార్చిలో 400 మీటర్ల దగ్గర అయితే మూడు మీటర్లు చాలు. మార్చిలో సూర్యుడు ఉత్తరానికి జరుగుతుంటాడు కాబట్టి మనం దక్షిణానికి జరగాలి, అక్టోబర్‌లో దీనికి రివర్స్. గట్టు ఉత్తర దక్షిణాలుగా ఉండటం మాకు కలిసొచ్చిన అదృష్టం. అడ్డంగా ఉంటే చెరువులోకి దిగాల్సొచ్చేది.

ఎక్స్‌పోజర్ విషయంలో ఒక్క మాట. ఎర్ర సూర్యుణ్ణి తీసేటప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫ్) చూసి సంబరపడొద్దు. మొత్తం వెలుగు లెక్క బాగున్నట్టే చూపిస్తుంది, కానీ ఎరుపు చానెల్ ఎప్పుడో హద్దు దాటి తెగిపోయి, ఎరుపులోని వివరం పోయి ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు అంచు తగలకుండా తగ్గించాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచితే కెమెరా ఆ ఎరుపునే సరిచేయబోతుంది, డేలైట్‌లో పెట్టేస్తే గొడవ ఉండదు. పెద్ద లెన్స్‌తో సూర్యుణ్ణి చూసేటప్పుడు ఆప్టికల్ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టొద్దు. స్క్రీన్ మీదే చూడాలి. తీయడం అయిపోయాక లెన్స్‌ని సూర్యుడి వైపు వదిలేయకూడదు, మూత పెట్టాలి.

మంచు నెలలు

డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి ఫొటోలకి పోటీ ఎక్కువైంది. ఎందుకంటే మంచు ఏ ఫ్రేముకైనా కొత్త రూపు తెస్తుంది. ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగి, నేల తడిగా ఉన్న రాత్రుల్లో మంచు దిగుతుంది. చెరువు నీళ్లు గాలికంటే వెచ్చగా ఉంటాయి కాబట్టి వాటి మీదనుంచి ఆవిరి సన్నటి పోగుల్లా లేస్తుంది.

మాతో వచ్చిన పెద్దాయన తాటిదోనె తోలేవాడు. ఒకరోజు దోనెలో కూర్చుని అడిగాను.

“బాబాయ్, ఇయ్యాళ సూర్యుడు కనబడతాడంటావా?”

“ఏడు దాటాలి బాబూ. నీళ్లు పొగలు కక్కుతున్నాయి, గాలి ఊసే లేదు. గాలి లేస్తే విడుద్ది.”

ఏడుంబావుకి గాలి లేచింది, మంచు విడింది. వాతావరణ యాప్ ఆరున్నరకే తెల్లారుతుందని చెప్పింది, అదీ తప్పు కాదు. ఇద్దరూ వేర్వేరు సంగతులు చెప్తున్నారు.

మంచులో సూర్యుడు ఎర్రగా ఉండడు. మంచు బొట్లు పెద్దవి, అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడతాయి. అందుకే బింబం వెండి బిళ్లలా తెల్లగా వస్తుంది. దుమ్ము, పొగ కణాలు చాలా సన్నవి, అవి నీలాన్ని ఎక్కువ చెదరగొట్టి ఎరుపుని మిగులుస్తాయి. క్లయింటుకి మొదట ఈ తెల్ల సూర్యుడు నచ్చలేదు. ‘సూర్యుడిలా లేదండి, చంద్రుడిలా ఉంది’ అన్నారు. నారింజ రంగు కలపమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ ఊరి రైతు ఎవరైనా జనవరి పొద్దున ఆ సూర్యుణ్ణే చూస్తాడు, క్యాలెండర్‌లో వేరేది చూపిస్తే ‘మన పక్కూరు’ అన్న మొదటి షరతే పోతుంది. ఆ వాదన పనిచేసింది.

మంచులో కెమెరా లైట్ మీటరుని నమ్మితే ఫొటో బూడిద రంగులోకి దిగిపోతుంది. ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాప్ దాకా (అంటే రెట్టింపు వెలుగు దాకా) పెంచి తీశాం. ఆటపాక వైపు గూడబాతులు (పెలికన్లు) ఈ నెలల్లో గూళ్ల మీద ఉంటాయి. అటవీశాఖ వాళ్లు వాటికోసం నీళ్లలో ఇనప స్టాండ్లు కూడా పాతారు. మా జనవరి పేజీలో మంచులోంచి నీళ్లకి దగ్గరగా ఎగురుతూ వచ్చే గూడబాతు ఉంది. పొద్దున్నే వేడిగాలి ఉండదు కాబట్టి అవి పైకి ఎక్కి చక్కర్లు కొట్టవు, కిందగానే పోతాయి. సెకనులో వెయ్యోవంతు షట్టర్ పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) ఎంతకి పోతే అంతకి వదిలేశాం. గూళ్ల దగ్గరికి దోనె తీసుకెళ్లలేదు. పిల్లలున్న గూటిమీంచి తల్లి లేచిపోతే ఎండ, కాకులు ఆ పిల్లల పని పడతాయి.

ఎండాకాలం

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం రంగులేని తెలుపు, ఆరున్నరకే వెలుగు గుచ్చుతుంది. రెండు ఫ్రేములు మాత్రం పనికొచ్చాయి.

ఒకటి పడమర వైపు తీసింది. సూర్యోదయానికి పది పదిహేను నిమిషాల ముందు వెనక్కి తిరిగి చూస్తే, పడమటి అంచున ముదురు నీలం పట్టీ, దాని మీద గులాబీ పట్టీ కనబడతాయి. ఆ నీలం పట్టీ భూమి నీడే. సూర్యుడు పైకొచ్చేకొద్దీ అది కిందికి దిగిపోతుంది. అందరూ తూర్పు చూస్తుంటారు కాబట్టి ఎవరూ తీయరు. ఏప్రిల్ పేజీకి, దాళ్వా కోత అయిపోయిన చేలో కుప్పల మీద ఆ గులాబీని పెట్టాం.

రెండోది ఎండగట్టిన చెరువు. కాలువలు కట్టేసిన రోజుల్లో నీళ్లు తీసిన చెరువు అడుగు నెర్రెలిచ్చి ఉంటుంది. సూర్యుడు మూడు డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు అంగుళం ఎత్తు మట్టిపెళ్ల నీడ పంతొమ్మిది అంగుళాలు సాగుతుంది. కెమెరాని నేలకి దగ్గరగా పెట్టి, వెలుగు పక్కనుంచి వచ్చేలా తీశాం. ఇంకో పావుగంట ఆగితే అదే నేల చప్పగా మట్టిరంగు గచ్చులా అయిపోయేది.

పరికరాల సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి డెల్టా చెమ్మలో పెడితే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడిచేకొద్దీ పడుతూనే ఉంటుంది. బ్యాగ్ రాత్రంతా ఏసీ లేని చోట, వసారాలో పెట్టుకోవడమే దీనికి మందు.

వానాకాలం: సూర్యుడు లేని పేజీలు

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చాలా పొద్దున్నలు బూడిద రంగే. అయినా ఆ నెలల్లోనే ఆకాశం అప్పుడప్పుడూ మండినట్టు అయ్యేది. దాన్ని పట్టుకోవాలంటే తలపైన మబ్బుని చూస్తే చాలదు. తెల్లారకముందు మబ్బుకి తగిలే వెలుగు మన నెత్తిమీదనుంచి రాదు. మూడు కిలోమీటర్ల ఎత్తున ఉన్న మేఘానికి క్షితిజం దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పది కిలోమీటర్ల ఎత్తు మేఘానికైతే మూడు వందల యాభై దాటుతుంది. అంటే కొల్లేటి మీది మబ్బుకి రంగు రావాలంటే కోనసీమ దాటి బంగాళాఖాతం మీద దారి ఖాళీగా ఉండాలి. అందుకే రాత్రి మూడింటికి ఉపగ్రహ చిత్రంలో సముద్రం మీద మబ్బు ఎక్కడ తెగిందో చూసి, అప్పుడు లేవాలా పడుకోవాలా అని నిర్ణయించుకునేవాళ్లం. పడుకున్న రోజులే ఎక్కువ.

జూలైలో మాకు దొరికిన మంచి ఫొటోకి సూర్యుడితో పనే లేదు. ముందురోజంతా మబ్బేస్తే చెరువులోని నాచుకి ఎండ తగలదు, ఆక్సిజన్ తయారవదు. రాత్రంతా చేప, నాచు అన్నీ ఉన్నదాన్ని వాడేస్తాయి. తెల్లారేముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. అప్పుడు చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. రైతుకి అది టెన్షన్, ఏరియేటర్లు (నీళ్లని చిలికి గాలి ఎక్కించే మిషన్లు) ఉన్నవాళ్లు వాటి దగ్గరికి పరుగెడతారు. కొంగలకి, నీటికాకులకి పండగ. నీలంగా వెలుగుతున్న పొద్దున, నీళ్ల మీద వందల వలయాలు, గట్టు పొడవునా బారులు తీరిన తెల్లకొంగలు, దూరంగా టార్చి పట్టుకుని నడుస్తున్న మనిషి. ఆ పేజీ చూపించగానే కంపెనీలో టెక్నీషియన్‌గా పనిచేసే కుర్రాడు ‘సార్, ఇది మా పని’ అన్నాడు. అక్కడితో ప్రతి పేజీలో సూర్యుడు అన్న షరతు వాళ్లే తీసేశారు.

ఏరియేటర్లు తిరిగే చెరువులో ప్రతిబింబాలు దొరకవు, అది గుర్తుంచుకోవాలి. నీళ్లు నిశ్చలంగా కావాలంటే చేపల చెరువు, అదీ గాలి లేవకముందు. లేదంటే కొత్తగా నీళ్లు పెట్టిన సార్వా చేను. ఊడ్పులకి ముందు దమ్ము చేసి వదిలిన చేలో నాలుగు వేళ్ల లోతు నీళ్లే ఉంటాయి, అల లేవదు. ఆగస్టు పేజీకి అదే వాడాం.

ప్రెస్ దగ్గర

స్క్రీన్ మీద మెరిసే నారింజ రంగు నాలుగు ఇంకుల ముద్రణలో రాదు. మార్చి పేజీలో సూర్యబింబం మొదటి ప్రూఫ్‌లో మట్టి ఇటుక రంగు ముద్దలా వచ్చింది, అంచుల దగ్గర ఉన్న తేడా అంతా పోయింది. బింబం సాచురేషన్ తగ్గించి, చుట్టూ ఉన్న ఆకాశాన్ని కొంచెం చల్లబరిచాం. అప్పుడు కాగితం మీద పక్కరంగుతో పోలికలో సూర్యుడు మళ్లీ వెలిగాడు. మ్యాట్ కాగితం వద్దని, కనీసం ఆర్ట్ పేపర్ కావాలని పట్టుబట్టాం. ఖర్చు పెరిగినా సరేనన్నారు.

ఆకాశాలు మార్చి అతికించడం ఎక్కడా చేయలేదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక్క క్లిక్కు పనే. కానీ కొల్లేటి మీద పుట్టి పెరిగినవాళ్లు చూసే క్యాలెండర్‌లో జూన్ సూర్యుణ్ణి డిసెంబర్ దిక్కులో పెడితే ఎవడో ఒకడు పట్టుకుంటాడు.

వచ్చే ఏడాదికి కూడా ఇదే గట్టు కావాలన్నారు. ఈసారి ఇంకో జంట తేదీల మీద పని చేస్తున్నాం: ఫిబ్రవరి 10, అక్టోబర్ 31. ఫిబ్రవరిది మంచులో అయిపోయింది, అక్టోబర్‌ది తుపాన్ల సీజన్‌లో పడుతుంది కాబట్టి అటూ ఇటూ వారం రోజులు ఖాళీ ఉంచుకున్నాం. ఈలోపు ఎదురు గట్టు మీద కొత్తగా కరెంటు స్తంభాలు పాతుతున్నారు. అవి ఫ్రేములోకి వస్తాయో రావో ముందే వెళ్లి కొలుచుకోవాలి. వస్తే ఇంకో చెట్టు వెతుక్కోవాలి, దాంతో తేదీలూ మారతాయి.